టోల్‌వే మీద ట్రక్కువాడు వెంటపడ్డాడు, కన్సోల్లో గన్ ఉంది, తియ్యలేదు... తియ్యాల్సిందా?

గోదారి_టు_ఫ్రిస్కో:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా ఏళ్ళుగా చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే ఫస్ట్. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం, గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్ళయింది. వచ్చిన ఆర్నెల్లకి ఒక నైన్ ఎంఎం పిస్టల్ కొన్నా, క్లాసుకెళ్ళి ఎల్‌టీసీ (గన్ వెంట పెట్టుకునే టెక్సాస్ లైసెన్సు) కూడా తీసుకున్నా. మా ఆవిడకి మొదట్నుంచీ ఇష్టం లేదు, ఇంట్లో సేఫ్‌లో అంటే సరే కార్లో మాత్రం వద్దంది, నేనే వినలేదు, లేట్ నైట్ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఉంటే ధైర్యంగా ఉంటుందిలే అని సెంటర్ కన్సోల్లో (ముందు సీట్ల మధ్య ఉండే డబ్బా) పెట్టుకోవడం మొదలెట్టా.

పోయిన గురువారం సాయంత్రం పాపని (9 ఏళ్ళు) కూచిపూడి క్లాసు నుంచి తీసుకొస్తున్నా. డాలస్ నార్త్ టోల్‌వే, నార్త్ వైపు, 121 హైవే దాటాక లేన్ మారాను. ఇండికేటర్ వేశా, ఖాళీ ఉందనే వెళ్ళా, కానీ వెనక వస్తున్న పెద్ద పికప్ ట్రక్కువాడికి అది కట్ కొట్టినట్టు అనిపించింది. ఇక మొదలు, హై బీమ్, హారన్, నా బంపర్‌కి అంటుకున్నట్టు రావడం. తర్వాత కుడి పక్క నుంచి దాటొచ్చి నా ముందుకి దూరి సడన్ బ్రేక్ కొట్టాడు. నేను హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఓ రెండుసార్లు లైట్లు కూడా కొట్టానేమో.

ఎల్డొరాడో ఎగ్జిట్ దగ్గర ఇద్దరం దిగాం. సర్వీస్ రోడ్డు సిగ్నల్ రెడ్, వాడు నా ముందు, నా వెనక ఇంకో కారు. వాడు ట్రక్కు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఆరడుగులు పైనే ఉంటాడు, టోపీ. నా అద్దం మీద పిడికిలితో గట్టిగా రెండుసార్లు గుద్దాడు, దిగరా అంటున్నాడు, మీ దేశానికి పో అంటున్నాడు, ఇంకా ఏవేవో. నేను కన్సోల్ తెరిచి చెయ్యి లోపల పెట్టా. నిజం చెప్తున్నా, చేతికి ముందు తగిలింది పాప హెయిర్ క్లిప్పులు, తర్వాత కళ్ళజోడు డబ్బా, దాని కింద గన్. హోల్‌స్టర్‌లోనే ఉంది. దాని మీద చెయ్యేసి అలాగే ఉండిపోయా. వెనక సీట్లోంచి పాప "నాన్నా, టిష్యూ కావాలా? నా దగ్గర ఉంది" అంది. అంతలో గ్రీన్ పడింది, వెనకవాళ్ళు హారన్ కొట్టారు, వాడు ఏదో తిట్టి ఎక్కి వెళ్ళిపోయాడు.

ప్లేటు నంబర్ ఫోటో తీద్దామని ఓ రెండు సిగ్నల్స్ దాకా వెనకాలే వెళ్ళా, దొరకలేదు, ఇంటికొచ్చేశా. పోలీసులకి కాల్ చెయ్యలేదు. పాప అన్నం తినలేదు ఆ రాత్రి.

నా డౌట్లు. గన్ తీసి కనపడేట్టు పట్టుకుని ఉంటే వాడు అక్కడితో ఆగేవాడా, అది తప్పా? అద్దం నిజంగానే పగిలి ఉంటే లా ఏమంటుంది? ఇప్పుడు నాలుగు రోజుల తర్వాత కంప్లైంట్ ఇస్తే వింటారా? నిద్ర పట్టట్లేదు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_75సౌత్:

అన్నా ముందుగాల నువ్వు, పాప మంచిగున్నరు, అది చాలు. ఏమనుకోకు గానీ ఒక్కటి అడుగుత. నువ్వు అంత పెద్ద పోస్టుల ఒక్క లైన్ల చెప్పి దాటేసినవ్ చూడు, "రెండు సిగ్నల్స్ దాకా వెనకాలే వెళ్ళా" అని. అసలు కత మొత్తం అండ్లనే ఉన్నది.

వాడు పోయిండు. లొల్లి ఖతం అయింది. గన్ను పెట్టుకొని, పిల్లను పెట్టుకొని నువ్వు వాని ఎన్క పోయినవ్. ఆ రెండో సిగ్నల్ దగ్గర వాడు మళ్ళ దిగి, ఈసారి ఏదన్న అయి ఉంటే, కోర్టుల వాని వకీలు ఏమంటడు? "వెంటపడ్డది ఎవరు?" అంటడు. సిటీ కెమెరాల వాని బండి ముందు, నీ బండి ఎన్క. అద్దం గుద్దింది ఎవడు సూడడు.

మనకు హైదరాబాద్ అలవాటు పోదన్నా. ఎల్బీ నగర్ చౌరస్తాల బండి తగిలితే దిగుతం, కాలర్ పట్టుకుంటం, నలుగురు జమైతరు, ఒక పెద్దమనిషి వచ్చి పోండి పోండి అంటడు, ఎవని దారిన వాడు పోతడు. ఆడ దిగుడంటే మాట్లాడుడు. ఈడ దిగుడంటే కొట్టనీకి వస్తున్నడు అని లెక్క. పెద్దమనిషి రాడు ఈడ, ఎవని కన్సోల్ల ఏమున్నదో ఎవనికీ తెల్వది. నేను 2014 ల వచ్చిన కొత్తల 635 హైవే మీద ఒకనితోని గట్లనే దిగి మాట్లాడిన, తర్వాత మా మేనేజర్, ఇక్కడోడే, విని కుర్చీలకెళ్ళి లేసి నిలబడ్డడు, "నువ్వు దిగినవా?" అని మూడుసార్లు అడిగిండు. అప్పుడు అర్థమైంది నాకు.

బెబ్బులి_హ్యూస్టన్:

అందరూ భయపెట్టడమే. ఇది టెక్సాస్ బాబూ, కాజిల్ డాక్ట్రిన్ ఉంది, అంటే ఇంట్లోకి దూరేవాణ్ణి ఎదిరించే హక్కు, కారు కూడా ఇల్లు లాంటిదే. వాడు అద్దం గుద్దుతుంటే చూస్తూ కూర్చోడానికా గన్ కొన్నది? నేనైతే తీసి డాష్‌బోర్డు మీద పెట్టేవాణ్ణి, కాల్చక్కర్లేదు, చూస్తే చాలు తోక ముడుస్తారు. మనవాళ్ళు మెత్తగా ఉంటారని తెలిసే ఇలా ఎక్కుతున్నారు.

ప్లానో_పాతకాపు:

బెబ్బులి తమ్ముడూ, చూస్తే తోక ముడుస్తారు అన్నావు. ముడిచాక ఏం చేస్తారో కూడా చెప్పాలిగా. ఫోన్ తీసి 911 (పోలీసు ఎమర్జెన్సీ నంబర్) కొడతారు.

నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి సంగతి చెప్తా, పేరూ ఊరూ వద్దు. ఇలాగే హైవే మీద ఒకడు టెయిల్‌గేట్ చేశాడు, అంటే వెనకే అంటుకుని వచ్చాడు, పక్కకొచ్చి అరిచాడు. మావాడు పిస్టల్ పైకెత్తి చూపించాడు, అద్దం కూడా దించలేదు, గురిపెట్టలేదు అంటాడు. వాడు స్లో అయి వెనక్కి పోయాడు. మావాడు హమ్మయ్య అనుకుని ఇంకో నాలుగు మైళ్ళు వెళ్ళాడో లేదో వెనక పోలీసు కార్లు, ఒకటి కాదు నాలుగు. మైకులో ఇంజన్ ఆపు, తాళాలు బయట పడెయ్యి, చేతులు పైకెత్తి వెనక్కి నడువు, మోకాళ్ళ మీద కూర్చో. భార్య ముందు సీట్లో ఉంది. ఆవిణ్ణి కూడా అలాగే దింపారు.

ఆ టెయిల్‌గేట్ చేసినవాడు ఫోన్లో చెప్పింది ఒకే ముక్క: "ఒకడు నా మీద గన్ గురిపెట్టాడు, కారు నంబర్ ఇది". మావాడు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అంతే, ఫోన్ చేసినవాడు బాధితుడు, చెయ్యనివాడు నిందితుడు. ఏడాదిన్నర కేసు నడిచింది, చివరికి కొట్టేశారు గానీ లాయర్ ఖర్చు ఒక కారు ఖర్చు. సిటిజన్‌షిప్ అప్లికేషన్ అంతకాలం కదల్లేదు. ముందు టెయిల్‌గేట్ చేసినవాడికి ఏమైందంటావా? ఏమీ కాలేదు.

శనివారం_రేంజ్:

నేను లాయర్ని కాదు, ముందే చెప్తున్నా, ఎల్‌టీసీ క్లాసులు చెప్తుంటాను, కాబట్టి ఈ ప్రశ్న వారానికి ఒకసారన్నా వింటాను. గోదారి గారూ, మీరు తియ్యకపోవడం మంచిదైంది. ఎందుకో కొంచెం వివరంగా రాస్తా, బెబ్బులి గారు కూడా చదవాలి.

టెక్సాస్ పీనల్ కోడ్‌లో 9వ చాప్టర్ మొత్తం ఇదే. మాటలతో ఎంత తిట్టినా, మీ దేశానికి పో అన్నా, మీ అమ్మని తిట్టినా, ఆ మాటల ఒక్కదాని మీద బలప్రయోగం చెల్లదు, 9.31లో ఆ ముక్క రాసే ఉంది. ప్రాణాంతకమైన బలం వాడాలంటే 9.32, అంటే ఎదుటివాడు ఆ క్షణాన మీ మీద ప్రాణాంతకమైన బలం వాడుతున్నాడో, వాడబోతున్నాడో అయి ఉండాలి, లేదా హత్య, దోపిడీ, కిడ్నాప్, రేప్ లాంటి నేరం ఆపడానికి అయి ఉండాలి. ఇక కారు సంగతి. 2007లో చట్టం మార్చారు, మనిషి ఉన్న కారులోకి అక్రమంగా, బలవంతంగా దూరినా, దూరడానికి ప్రయత్నించినా, లేదా మిమ్మల్ని బయటికి లాగబోయినా, మీ భయం సబబైనదే అని చట్టం ముందుగానే మీ వైపు ఒక మెట్టు ఎక్కించి పెడుతుంది. జనం దీన్నే కాజిల్ డాక్ట్రిన్ అంటారు.

కానీ ఆ మెట్టు ఎక్కాలంటే ఇంకో రెండు కండిషన్లున్నాయి, యూట్యూబ్ వీడియోల్లో అవి చెప్పరు. గొడవ మీరు రెచ్చగొట్టి ఉండకూడదు. ఆ టైంలో మీరు వేరే నేరం ఏదీ చేస్తూ ఉండకూడదు, క్లాస్ సీ (జరిమానాతో పోయే అన్నిటికన్నా చిన్న తరగతి; దాని పైన బీ, ఆపైన ఏ) ట్రాఫిక్ తప్పులు మాత్రం మినహాయింపు. స్పీడింగ్ టికెట్ లాంటిది పర్లేదు. అయితే రెక్‌లెస్ డ్రైవింగ్ క్లాస్ సీ కాదండీ, 30 రోజుల దాకా జైలుంది దానికి. అంటే వాడు బ్రేక్ కొట్టాడని మీరూ బ్రేక్ కొట్టి, వాడు కట్ కొట్టాడని మీరూ కొట్టి, మూడు మైళ్ళు ఇద్దరూ పోటీ పడి, చివరికి సిగ్నల్ దగ్గర వాడు మీ అద్దం పగలగొడితే, ఆ మెట్టు మీ కాళ్ళ కింద ఉంటుందని గ్యారంటీ లేదు. హారన్ మీద చెయ్యి తియ్యలేదు, లైట్లు కొట్టానేమో అన్నారు చూడండి, ఆ "ఏమో" దగ్గర డీఏ (ప్రభుత్వం తరపు ప్రాసిక్యూటర్) గంటసేపు ఉంటాడు. ఓరుగల్లు గారు చెప్పిన ఆ రెండు సిగ్నల్స్ దగ్గర ఇంకో గంట.

పిడికిలితో అద్దం గుద్దడం కారులోకి దూరే ప్రయత్నమా, ఉత్త కోపమా? జ్యూరీ తేల్చాలి. సుత్తి తెచ్చాడా, అద్దం పగిలి చెయ్యి లోపలికొచ్చిందా, డోర్ హ్యాండిల్ లాగాడా, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. అద్దం పగిలి వాడి చెయ్యి పాప వైపో మీ మెడ వైపో వచ్చిందంటే కథ వేరు, దాని మీద నేను వాదించను.

ఇక చూపించడం. 9.04 అని ఒక సెక్షనుంది, అవసరమైతే నేను ప్రాణాంతకమైన బలం వాడతాను అని ఎదుటివాడికి తెలియడానికి మాత్రమే ఆయుధం బయటపెడితే అది ప్రాణాంతకమైన బలం కింద రాదు అంటుంది. బెబ్బులి గారు ఇది ఎక్కడో చదివి ఉంటారు. అయితే దాని మొదటి మాట చూడండి, మామూలు బలం వాడటం న్యాయమైన సందర్భంలోనే అది వర్తిస్తుంది. అంటే అక్కడికీ 9.31 గేటు దాటాలి. దాటలేకపోతే ఏమవుతుంది? జనాన్ని భయపెట్టేలా ప్రదర్శిస్తే క్లాస్ బీ డిజార్డర్లీ కాండక్ట్. మనిషి వైపు గురిపెడితే డెడ్లీ కాండక్ట్, గన్ లోడై ఉన్నా లేకపోయినా సరే, క్లాస్ ఏ, ఏడాది దాకా జైలు. డీఏ గట్టిగా పట్టుకుంటే అగ్రవేటెడ్ అసాల్ట్, అంటే ఆయుధంతో దాడి లాంటిది, సెకండ్ డిగ్రీ ఫెలనీ (పెద్ద నేరం), 2 నుంచి 20 ఏళ్ళు. ఒక్క బుల్లెట్ పేల్చకుండానే.

నేను క్లాసులో ఒక లూసియానా కేసు చెప్తుంటాను. 2016 డిసెంబర్‌లో న్యూ ఆర్లియన్స్ దగ్గర, జో మెక్‌నైట్ అని ఒకప్పుడు ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆడిన ఆటగాడు, ఇంకో డ్రైవరూ రోడ్డు మీద మైళ్ళకొద్దీ ఒకర్నొకరు తరుముకున్నారు. చివరికి సిగ్నల్ దగ్గర మెక్‌నైట్ దిగి ఆ కారు కిటికీ దగ్గరికొచ్చాడు, లోపలున్నవాడు సీట్లోంచి లేవకుండానే కాల్చేశాడు. ఆత్మరక్షణ అన్నాడు. 2018లో జ్యూరీ మ్యాన్‌స్లాటర్ (హత్య కన్నా ఒక మెట్టు తక్కువ నేరం) అంది, 30 ఏళ్ళ శిక్ష పడింది. జ్యూరీ ఏకగ్రీవం కాదన్న కారణంతో ఆ తీర్పు తర్వాత పోయింది, అది వేరే కథ. కార్లోనే కూర్చున్నవాడు, దగ్గరికొచ్చింది ఎదుటివాడు, అయినా జ్యూరీ చూసింది అంతకు ముందు జరిగిన ఆ మైళ్ళన్నీ.

మరి ఏం చెయ్యాలి అంటే, నా క్లాసుకొచ్చినవాళ్ళకి విసుగు పుట్టేదాకా చెప్తా. సిగ్నల్ దగ్గర ముందు కారు వెనక టైర్లు రోడ్డుకి ఆనేచోటు మీకు కనపడేంత దూరంలో ఆగండి, అప్పుడు స్టీరింగ్ తిప్పి బయటపడే జాగా ఉంటుంది. గోదారి గారికి ఆ రోజు ఆ జాగా లేదనుకుంటా. గేరు డ్రైవ్‌లోనే ఉంచండి. వాడి కళ్ళలోకి చూడకండి. ఎగ్జిట్‌లో వాడు దిగుతుంటే మీరు దిగకండి, నాలుగు డాలర్ల టోల్ ఎక్కువైతే అయింది. ఇంటికి వెళ్ళకండి, ఫైర్ స్టేషనో, పోలీస్ స్టేషనో, జనం, లైట్లు ఉన్న గ్యాస్ స్టేషనో చూసుకోండి. బ్లూటూత్‌లో 911 కొట్టి ఏ రోడ్డు, ఎటు వైపు, ఏ ఎగ్జిట్ దాటాం, ఏ రంగు బండి చెప్తూ ఉండండి. వాళ్ళు లైన్లో ఉండగా జరిగేదంతా రికార్డే. పోలీసు వచ్చాక చేతులు స్టీరింగ్ మీద, లోపలి లైటు వేసి, లైసెన్సుతో పాటు ఎల్‌టీసీ ఇచ్చి, గన్ ఎక్కడుందో నోటితో చెప్పండి, చేత్తో చూపించబోకండి.

ఎల్‌టీసీ క్లాసులో గొడవలు కొట్లాట లేకుండా తేల్చుకోవడం అనే టాపిక్ చట్టం ప్రకారం తప్పకుండా చెప్పాలి, తెలుసా? అందరూ ఆ అరగంటలోనే ఫోన్లు చూసుకుంటారు. 50 రౌండ్లు కాల్చి 250కి 175 వస్తే చాలు, బయటికొచ్చి ఫోటో.

నైట్‌షిఫ్ట్_సిస్టర్:

గోదారి గారు, నేను ఈఆర్‌లో (హాస్పిటల్ ఎమర్జెన్సీ రూమ్) నర్సుని. చట్టం సంగతి పైన బాగా చెప్పారు, నేను వేరే మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. కన్సోల్లో హెయిర్ క్లిప్పులు, వాటి కింద గన్ అన్నారు. పాప క్లిప్పు కోసం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదా అందులో? పెట్టే ఉంటుంది. క్లిప్పులు వాటంతటవి నడిచొచ్చి పడలేదు కదా.

టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకి లోడైన గన్ అందేలా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే అదీ నేరమే, పిల్లలు పేల్చి ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే క్లాస్ ఏ. మీరు గ్యాస్ కొట్టించుకుని లోపలికి కాఫీకి వెళ్ళిన రెండు నిమిషాలు ఆలోచించండి. నేను చట్టం గురించి కూడా కాదు చెప్పేది, ఈఆర్‌లో నేను చూసిన రక్తంతో తడిసిన దుప్పట్ల గురించి చెప్తున్నా, ఇంకేం రాయను.

ఇంకొకటి, 2021 మేలో కాలిఫోర్నియాలో 55 ఫ్రీవే మీద ఒకావిడ కొడుకుని స్కూలుకి తీసుకెళ్తుంటే ఎవరో కట్ కొట్టారు, ఆవిడ వేలు చూపించింది, ఆ కారులోంచి కాల్చారు, వెనక బూస్టర్ సీట్లో ఉన్న ఆరేళ్ళ పిల్లాడు పోయాడు. ఆ తల్లి దగ్గర గన్ ఉన్నా ఆపగలిగేదా? వెనక నుంచి వచ్చిన బుల్లెట్ కదా. మీరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకపోవడమే నాకు భయం వేసింది, కన్సోల్లో చెయ్యి పెట్టడం కన్నా.

ఓపీటీ_టు_హెచ్1:

అన్నా చిన్న డౌట్, టాపిక్‌కి కొంచెం పక్కకి. నేను హెచ్1బీ. మా రూమ్మేట్‌కి గ్రీన్ కార్డుంది, వాడి కారు నేను కూడా నడుపుతుంటా, గ్లవ్ బాక్స్‌లో వాడి గన్ ఎప్పుడూ ఉంటుంది. 2021 నుంచి టెక్సాస్‌లో లైసెన్సే అక్కర్లేదు కదా, ప్రాబ్లం ఏం లేదు కదా?

శనివారం_రేంజ్:

తమ్ముడూ, ఉంది, చాలా పెద్దదే. లైసెన్స్ లేకుండా పెట్టుకోవచ్చన్న 2021 చట్టం అసలు గన్ పెట్టుకునే హక్కు ఉన్నవాళ్ళకి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ, బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు చేశారు. నీ పేరు మీద కొనక్కర్లేదు, నువ్వు నడుపుతున్న కారులో నీకు తెలిసి, నీ చేతికందే చోట ఉంటే అది నీ దగ్గర ఉన్నట్టే అని వాదిస్తారు. ఒక మినహాయింపుంది, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే సరే. అది కూడా లేకుండా మనవాళ్ళు రేంజ్‌కెళ్ళి రైఫిల్ పట్టుకుని ఇన్‌స్టాలో రీల్స్ పెడతారు, చూస్తే నాకే చెమటలు పడతాయి. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రెహైఫ్ కేసు మొదలైందే స్టూడెంట్ వీసా పోయిన ఒకబ్బాయి రేంజ్‌లో కాల్చడంతో. ఈ రోజే రూమ్మేట్‌తో మాట్లాడు, ఆ గన్ తీయించాకే ఆ కారెక్కు.

గోదారి గారూ, గ్రీన్ కార్డు వాళ్ళకి ఇంకో గొయ్యి, పైన రాయడం మర్చిపోయా. తుపాకీకి సంబంధించిన నేరంలో కన్విక్షన్ పడితే, అంటే దోషి అని తేలితే, గ్రీన్ కార్డు ఉన్నా డిపోర్ట్ చెయ్యొచ్చు, ఫెలనీయే అవ్వక్కర్లేదు. ఇక్కడ లోకల్ క్రిమినల్ లాయర్లు డిఫర్డ్ అడ్జుడికేషన్ (నేరం ఒప్పుకున్నా కోర్టు తీర్పు వాయిదా వేసి గమనించడం) తీసుకోండి, కన్విక్షన్ కాదు, రెండేళ్ళు బుద్ధిగా ఉంటే అయిపోతుంది అంటారు. టెక్సాస్ దృష్టిలో అది నిజమే. ఇమిగ్రేషన్ దృష్టిలో అది కన్విక్షనే. సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. అదే ట్రక్కువాడు సిటిజన్ అనుకోండి, సరిగ్గా అదే పని చేసి అదే కాగితం మీద సంతకం పెడితే, వాడు సోమవారం ఆఫీసుకెళ్తాడు.

ఎడిసన్_బాబాయ్:

ఈ ఎల్‌టీసీ వేసుకుని ఎవరూ మా వైపు రాకండి నాయనా. న్యూజెర్సీ, న్యూయార్క్ మీ టెక్సాస్ లైసెన్సుని చిత్తు కాగితం కింద కూడా చూడవు. మా అల్లుడు డాలస్ నుంచి కారేసుకుని వస్తానంటే ఫోన్లో మొదట అడిగిందే అది, అల్లం పచ్చడి సీసా తెస్తున్నావా లేదా అన్నది రెండోది. దాటిపోవడానికి ఫెడరల్ చట్టం ఒకటుంది గానీ గన్ ఖాళీ చేసి, తాళం వేసి, చేతికందని చోట పెట్టాలి, బయల్దేరిన చోటా చేరే చోటా రెండూ చట్టబద్ధం కావాలి. మా ఇంటికొస్తే చేరే చోటు ఇదే కదా, ఇక్కడ మీకు చట్టబద్ధం కాదు. అల్లుడు ఫ్లైట్‌లో వచ్చాడు, పచ్చడి సీసా చెక్ఇన్ బ్యాగులో.

బెబ్బులి_హ్యూస్టన్:

సరే సరే, ఆ క్లాస్ సీ ముక్క నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ అందరూ తగ్గు తగ్గు అంటే ఎంతవరకు తగ్గాలి? రోజూ ఆఫీసులో తగ్గాలి, వీసా ఆఫీసులో తగ్గాలి, రోడ్డు మీద కూడానా? దీనికి మాత్రం ఎవరూ ఆన్సర్ చెప్పట్లేదు.

ప్లానో_పాతకాపు:

తమ్ముడూ ఆ మాటలో బాధ నాకు తెలుసు, ముప్పై ఏళ్ళుగా తెలుసు. కానీ అది తేల్చుకునే చోటు ఎల్డొరాడో ఎగ్జిట్ కాదు. గన్ లేని రోజుల్లో నేను బాగా అరిచేవాణ్ణి కార్లో, వేళ్ళు కూడా చూపించా. కొన్నాక మానేశా. ఎవడైనా కట్ కొడితే పోరా పో అని తెలుగులో అనుకుంటా, అద్దాలు మూసుకుని. మా ఆవిడ నవ్వుతుంది.

గోదారి_టు_ఫ్రిస్కో:

అందరికీ థాంక్స్, తిట్టినవాళ్ళకి కూడా. ఓరుగల్లు అన్నా, ఆ లైన్ రాసేటప్పుడు నాకే తెలీలేదు అది అంత పెద్ద విషయమని. ఫోటో కోసమే వెళ్ళా అనుకున్నా. రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఫోటో కోసం కాదు, వాడు ఇంకోసారి దిగాలని లోపల ఎక్కడో ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. చెయ్యి కన్సోల్ మీదే ఉంది ఆ రెండు సిగ్నల్సూ.

నిన్న పోలీసు నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చేశా. ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు, రిపోర్ట్ రాసుకున్నాడు, ప్లేటు నంబర్ లేకుండా పెద్దగా చెయ్యలేం అన్నాడు, అప్పుడే కాల్ చెయ్యాల్సింది అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. నేను ఫాలో అయిన సంగతి కూడా చెప్పేశా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అలా చెయ్యకండి సార్" అన్నాడు.

సిస్టర్ గారూ, కన్సోల్ మొత్తం ఖాళీ చేశా. హెయిర్ క్లిప్పులు పదకొండున్నాయి. గన్ ఇంట్లో సేఫ్‌లోకి పోయింది, కార్లో పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, పెడితే మాత్రం చిన్న లాక్ బాక్స్ బోల్టేసి, పాప లేనప్పుడే. మా ఆవిడ ఈ థ్రెడ్ మొత్తం చదివింది, ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది.

డ్యాష్‌క్యామ్ ఏది కొనాలో ఎవరైనా చెప్పండి.

ఓరుగల్లు_75సౌత్:

ఏ కంపెనీదైనా తీస్కో గానీ ముందు ఎన్క రెండు దిక్కులా కెమెరా ఉన్నది తీస్కో, ఎన్క ఉంటేనే వాడు నీ బంపర్‌కు అంటుకునుడు కనవడ్తది. ముందు కెమెరా ఒక్కటే ఉంటే నీ హారన్ సప్పుడు మాత్రమే రికార్డ్ అయితది. ఇంకా, ఎండాకాలంల బ్యాటరీ ఉబ్బుతది ఈడ ఎండకు, కెపాసిటర్ ఉన్న మోడల్ అడుగు.